మా వీధి డాక్టరు గారి చీటీ: 40 దాటినవాళ్ళు ఏ పరీక్షలు చేయించుకోవాలి?

గోస్తనీ (తణుకు) | సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తోంది, మీ అందరి మాట కావాలి.

మా వీధి చివర ఒక డాక్టరు గారున్నారు. ఎంబీబీఎస్. మా అత్తగారి బీపీ నుంచి పిల్లల జలుబుల దాకా అన్నిటికీ ఆయనే. ఈమధ్య నలభై దాటిన ప్రతి ఒక్కరికీ, వచ్చింది దగ్గుకైనా సరే, ఒక చీటీ చేతిలో పెడుతున్నారు. అందులో ఉన్నది ఇంతే:

బీపీ ఏడాదికోసారైనా చూపించుకోండి. షుగరు పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి, ఏటా. కొలెస్ట్రాల్ ఒకసారి చూసి, బాగుంటే మళ్ళీ మూడు నాలుగేళ్ళకు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష. నడుము కొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. ఆడవాళ్ళు గర్భాశయ ముఖద్వారం (క్యాన్సర్) పరీక్ష ఐదేళ్ళకోసారి. పదేళ్ళకోసారి టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) ఇంజెక్షన్. పొగాకు ఏ రూపంలోనూ వద్దు.

ఇక హైదరాబాద్‌లో ఉన్న మా మరిది ఒక ప్యాకేజీ పంపాడు. 90 పరీక్షలు, 1,499 రూపాయలు, ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్తారట. "90 ఎక్కడ, ఈ నాలుగైదు ఎక్కడ వదినా, ఆయన పాతకాలం మనిషి" అంటాడు. ఇదే సంగతి డాక్టరు గారితో అంటే నవ్వి, "చేయించుకోమ్మా, కాకపోతే ఆ 90కీ అర్థం చెప్పమని నా దగ్గరికి రాకండి" అన్నారు.

మా ఆయనకు 47, నాకు 43. ఇద్దరికీ పైకి ఏ జబ్బూ లేదు. ఏం చేయమంటారు?

డాలస్ బాబు | సోమవారం, ఉదయం 9:50

మీ మరిది చెప్పిందే కరెక్ట్ అండి. నేను ప్రతి సంక్రాంతికీ అమ్మానాన్నలకు ప్యాకేజీ బుక్ చేస్తాను. దూరాన ఉన్నవాళ్ళకు అదొక ధైర్యం. ఎన్ని ఎక్కువ చూస్తే అంత మంచిది కదా, పైగా ధర కూడా ఒక సినిమా, ఒక బిర్యానీ ఖర్చే. డాక్టరు గారు వద్దనడానికి కారణం నాకైతే అర్థం కాలేదు.

మైక్రోస్కోపు వెనక (విజయవాడ) | సోమవారం, ఉదయం 11:05

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఈ 90 లెక్క ఎలా వస్తుందో చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

రక్తకణాల పరీక్ష, అదే సీబీపీ, ఒకే ట్యూబు, ఒకే మెషిన్, నిమిషంలో అయిపోతుంది. అందులో వచ్చే ప్రతి అంకెనూ ఒక "పరీక్ష"గా లెక్కేస్తారు. అక్కడికే ఇరవై పైన. లిపిడ్ ప్రొఫైల్‌లో, అంటే కొలెస్ట్రాల్ పరీక్షలో, కొలిచేవి మూడు నాలుగు, మిగతావి వాటిని వాటితో భాగించి, తీసివేసి తెచ్చిన అంకెలు. అవీ లెక్కలోకే. లివర్, కిడ్నీ, థైరాయిడ్ ఇలాగే. తొంభై కాదు, రాసే ఓపిక ఉంటే నూట ఇరవై కూడా చేయొచ్చు. వాటిలో అబద్ధం లేదు, అంకెలు నిజమైనవే. కానీ సరుకు మాత్రం ఏడెనిమిది పరీక్షలదే.

అసలు సంగతి వేరే ఉంది. రిపోర్టులో పక్కన "నార్మల్ రేంజ్" అని ఉంటుంది చూశారా, దాన్ని ఆరోగ్యంగా ఉన్న నూరు మందిలో 95 మంది లోపల ఉండేలా గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని ఐదుగురు ఎప్పుడూ బయటే ఉంటారు. ఒక్క పరీక్షకే ఇది. ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలు 20 చేస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక్కటైనా ఎర్ర అక్షరాల్లో వచ్చే అవకాశం 64 శాతం. ఆ ఎర్ర అక్షరం చూసి ఇల్లంతా టెన్షన్, గూగుల్, ఒక స్కానింగ్, ఇంకో స్పెషలిస్టు. మా కౌంటర్ దగ్గర రోజూ చూస్తున్నదే. ముఖ్యంగా కొన్ని ప్యాకేజీల్లో క్యాన్సర్ మార్కర్లు, అంటే క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే పదార్థాల పరీక్షలు, కలుపుతారు, సీఏ-125 లాంటివి. జబ్బు ఉన్నవాళ్ళకు మందు పనిచేస్తోందో లేదో చూడటానికి అవి ఉపయోగపడతాయి. ఏమీ లేని మనిషికి చేస్తే నెలసరి టైములో కూడా సీఏ-125 పెరగొచ్చు, ఫైబ్రాయిడ్లకూ (గర్భాశయంలో క్యాన్సర్ కాని గడ్డలు) పెరగొచ్చు. వచ్చేది క్యాన్సర్ కాదు, నిద్రలేని రాత్రులు.

మీ డాక్టరు గారి చీటీలో ఉన్నవి వేరు. బీపీ, షుగరు, కిడ్నీ దెబ్బ ఇవన్నీ బయటికి తెలియకుండా ఏళ్ళ తరబడి లోపల పనిచేస్తాయి. ముందుగా దొరికితే చేయడానికి మన చేతిలో మార్గం ఉంటుంది. అందుకే అవి రాశారు.

డాలస్ బాబు | సోమవారం, ఉదయం 11:31

64 శాతమా? ఎలా?

రిటైర్డ్ లెక్కల మాస్టారు (గుడివాడ) | సోమవారం, మధ్యాహ్నం 12:20

బాబూ, 0.95ని 20 సార్లు గుణించండి. దాదాపు 0.36 వస్తుంది. అంటే అన్నీ నార్మల్‌గా వచ్చే అవకాశం 36 శాతం. మిగిలినది 64. టెక్నీషియన్ గారి లెక్క సరైనదే. పదో తరగతి సంభావ్యత పాఠం, అప్పుడు నిద్రపోయి ఉంటారు :)

గోస్తనీ (తణుకు) | సోమవారం, మధ్యాహ్నం 1:04

మాస్టారూ, నేనూ నిద్రపోయినదాన్నే.

టెక్నీషియన్ గారూ, ఒక ప్రశ్న. చీటీలో పరగడుపు, తిన్న తర్వాత రెండూ రాశారు. మరిది మాత్రం హెచ్‌బీఏ1సీ ఒక్కటి చాలు, తినకపోయినా తిన్నా ఫర్వాలేదు, మూడు నెలల సరాసరి తెలుస్తుంది అంటున్నాడు. ఏది?

మైక్రోస్కోపు వెనక (విజయవాడ) | సోమవారం, మధ్యాహ్నం 2:15

మీ మరిది చెప్పింది సగం నిజం. హెచ్‌బీఏ1సీ మంచి పరీక్షే. 5.7 లోపు బాగుంది, 5.7 నుంచి 6.4 అంచు మీద, 6.5 ఆపైన షుగరు. కానీ అది ఎర్ర రక్తకణానికి ఎంత చక్కెర అంటుకుందో చూసే పరీక్ష. రక్తహీనత ఉన్నవాళ్ళలో ఆ అంకెను నమ్మలేం. ఐరన్ తక్కువైతే ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, తలసీమియా లక్షణం (పుట్టుకతో వచ్చే రక్తకణాల లోపం) లాంటివి ఉంటే తక్కువ చూపించవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది. అందుకే పాత డాక్టర్లు మూడూ కలిపి చూస్తారు. పరగడుపున 126 లేదా ఆపైన వస్తే షుగరు, 100 నుంచి 125 జాగ్రత్త పడాల్సిన చోటు. ఏదైనా ఒక్కసారి వచ్చిందని ముద్ర వేసుకోకండి, ఇంకోసారి చూసి నిర్ధారిస్తారు.

పరగడుపు అంటే ఎనిమిది గంటలు. మంచినీళ్ళు తాగొచ్చు. చాలామంది నీళ్ళు కూడా మానేసి నీరసంగా వస్తారు, నరం దొరకదు, మాకూ తిప్పలే. రెండు గంటలు అంటే మొదటి ముద్ద పెట్టినప్పటి నుంచి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. పరీక్ష అని ఆ రోజు రెండే ఇడ్లీలు తిని రావడం కూడా దండగ, రోజూ తినేదే తినండి. జుట్టుకు, గోళ్ళకు అని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు ఆ మాట ముందే చెప్పండి, కొన్ని పద్ధతుల్లో థైరాయిడ్ రిపోర్టు తారుమారవుతుంది.

ఓరుగల్లు పోరడు (హన్మకొండ) | సోమవారం, మధ్యాహ్నం 3:40

ఒక మాట కలుపుతున్నా. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ సర్వే 2023లో వచ్చింది, దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్ల పైన, అంచు మీద ఉన్నవాళ్ళు 13 కోట్ల పైన. ఈ రెండోవాళ్ళే మనం. నాకు పోయినేడు పరగడుపున 112 వచ్చింది. మా డాక్టర్ మందు రాయలే. రాత్రి అన్నం తగ్గించి జొన్నరొట్టె తినుమన్నడు, రోజుకు అరగంట నడువుమన్నడు. ఈ యేడు 98.

ఇంకొకటి, షుగరుకు మంచిదని పొద్దున్నే పెద్ద గ్లాసుడు రాగి జావ తాగేటోళ్ళు చాలామంది ఉన్నరు. మెత్తటి పిండి, బాగా ఉడికిన జావ, గబగబ రక్తంలకు పోతది. మా అమ్మకు జావ తాగిన రెండు గంటలకు చూస్తే 230. సంకటి, రొట్టె తిన్నప్పుడు అంత రాలే. గింజ మంచిదే, దాన్ని ఎట్ల తింటున్నమన్నది కూడా చూడాలె.

పైసల్లేనోళ్ళ కోసం: మా దగ్గర బస్తీ దవాఖానాలల్ల రక్తం తీస్తరు, తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్‌కు పంపుతరు, రిపోర్టు ఫోన్‌కే వస్తది. రూపాయి ఖర్చు లేదు.

నెమలికన్ను | సోమవారం, సాయంత్రం 5:02

అన్నీ వింటుంటే నవ్వొస్తోంది. మా తాత రోజూ ఆవకాయ, గడ్డపెరుగు, మినపసున్ని తిని 91 ఏళ్ళు బతికాడు. ఒక్క పరీక్ష చేయించుకోలేదు. ఈ భయాలన్నీ ల్యాబులు, మందుల కంపెనీలు పెట్టినవే.

రిటైర్డ్ లెక్కల మాస్టారు (గుడివాడ) | సోమవారం, సాయంత్రం 5:45

నెమలికన్ను గారూ, మీ తాతగారు రోజుకు ఎంత నడిచేవారు? మా నాన్నగారు కూడా ఆవకాయ తిన్నారు, 58కి పక్షవాతం వచ్చింది. ఆయన గురించి ఎవరూ ఉదాహరణగా చెప్పుకోరు. బతికినవాళ్ళ కథలే మిగులుతాయి.

ఆవకాయ మాట వచ్చింది కాబట్టి ఉప్పు గురించి ఒక ఇంటి లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటోంది, అంటే సుమారు ఒక టీస్పూను. నలుగురు పెద్దవాళ్ళుంటే రోజుకు 20, నెలకు 600 గ్రాములు. అంటే కిలో ప్యాకెట్టు యాభై రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్ళకు అయిపోతోందో ప్యాకెట్టు మీద తెచ్చిన తేదీ రాసి చూడండి. మా ఇంట్లో ఇద్దరమే, అయినా నెల తిరక్కుండా అయిపోయేది. ఇందులో పచ్చడి జాడీలో పోసింది, అప్పడాలు, వడియాలు, బయట కొన్న మిక్చరు, ఉప్పుచేప కలవలేదు. మా ఆవిడ చేసిన మార్పు ఒకటే, భోజనాల బల్ల మీద ఉప్పు గిన్నె తీసేసింది, మజ్జిగలో ఉప్పు మానిపించింది. వారం రోజులు అలిగాను, తర్వాత అలవాటైంది.

జీడితోట (పలాస) | సోమవారం, రాత్రి 8:30

ఉప్పు తగ్గించమన్నారని బజార్లో దొరికే "తక్కువ సోడియం ఉప్పు" అడక్కుండా కొనకండి. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళకు పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం అంటే మీకు తెలిసే ఉంటుంది, పేపర్లో కిడ్నీ జబ్బుల గురించి వచ్చినప్పుడల్లా ఈ పేర్లే. ఎందుకొస్తోందో ఇప్పటికీ ఒక్క కారణం తేల్చలేదు. నీళ్ళన్నారు, ఎండలో పని అన్నారు, వంశపారంపర్యం అన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి, హిరమండలం నుంచి మంచినీళ్ళ పథకం వచ్చింది. మంచిదే. కానీ మా ఇళ్ళల్లో నేర్చుకున్నది ఏంటంటే, కాళ్ళ వాపు వచ్చేదాకా మనిషికి ఏమీ తెలీదు. పొలం పని చేసుకుంటూనే ఉంటాడు.

గోస్తనీ గారి చీటీలో క్రియాటినిన్‌తో పాటు మూత్ర పరీక్ష రాయడం నాకు నచ్చింది. క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీ సత్తువ సగం దాకా పోయి ఉండవచ్చు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళలో మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ ముందే పోవడం మొదలవుతుంది. దాన్ని చూసే మూత్ర పరీక్షను ఏసీఆర్ అని రాయించుకోండి, ఏడాదికోసారి. అలాగే క్రియాటినిన్ అంకె ఒక్కటే కాదు, దాన్నుంచి వయసు కలిపి లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ రక్తాన్ని వడకట్టే వేగం) చూడమనండి. సన్నగా ఉన్న ముసలివాళ్ళకు క్రియాటినిన్ నార్మల్‌గా కనిపిస్తూ కిడ్నీ తగ్గి ఉండొచ్చు.

నొప్పుల మాత్రల సంగతి ఎవరూ ఎత్తలేదు. నడుము నొప్పి అని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ పట్టీ కొని నెలల తరబడి మింగేవాళ్ళు మా దగ్గర ఇంటికొకరు. ఎండలో చెమట కారి ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అవే మాత్రలు ఇంకా చేటు. నొప్పికి పారాసిటమాల్‌తో సరిపెట్టుకోండి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

నెమలికన్ను | సోమవారం, రాత్రి 9:10

జీడితోట గారూ, మీ మాట వేరు. అక్కడ కళ్ళ ముందు చూస్తున్నారు. నేనన్నది ఈ ప్యాకేజీల పిచ్చి గురించి. ఆ విషయంలో డాక్టరు గారు, నేను ఒకే వైపు ఉన్నట్టున్నాం.

గోస్తనీ (తణుకు) | మంగళవారం, ఉదయం 10:20

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. నిన్న సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. మా ఆయన బీపీ 150/94 వచ్చింది. ఇంటికొచ్చి పక్కింటి వాళ్ళ మెషిన్‌తో చూస్తే 128/80! డాక్టరు గారు మందు రాయలేదు, వారం రోజులు ఇంట్లో చూసి రాసుకు రమ్మన్నారు. మా ఆయన ఆ మాట పట్టుకుని "నాకేం లేదు, ఆయన మెషిన్ పాతది" అంటున్నారు. మెషిన్ తప్పా?

ఏఎన్‌ఎం అక్క (అమలాపురం దగ్గర) | మంగళవారం, మధ్యాహ్నం 1:45

మెషిన్ తప్పయి ఉండొచ్చు, మనిషి కంగారు కూడా అయి ఉండొచ్చు. డాక్టరు దగ్గర మాత్రమే పెరిగేవాళ్ళు ఉంటారు. అయితే దానికి రివర్సు కూడా ఉంది, క్లినిక్‌లో బాగుండి ఇంట్లో, ఆఫీసులో పెరిగేవాళ్ళు. అందుకే రాసుకు రమ్మన్నారు. ఆయన సరిగ్గానే చెప్పారు.

ఇలా చూడమనండి. మణికట్టు మెషిన్ కాదు, మోచేతికి పైన పట్టీ కట్టేది. లావు చేతికి పెద్ద పట్టీ, చిన్నది కడితే లేని బీపీ వస్తుంది. టీ, కాఫీ, సిగరెట్ అరగంట ముందు ఆపాలి. మూత్రానికి వెళ్ళి వచ్చి కూర్చోవాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద. మాట్లాడకూడదు, టీవీలో వార్తలు వద్దు. పొద్దున మందులకు ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి. వారం రాసి, మొదటి రోజువి వదిలేసి మిగతావి సరాసరి కట్టండి. ఇంట్లో సరాసరి 135/85 లేదా ఆపైన ఉంటే బీపీ ఉన్నట్టే. క్లినిక్‌లో చూసే 140/90కి ఇంటి దగ్గర అదే సమానం.

ఇంకో మాట. బీపీ మందు మొదలుపెట్టాక 120 వచ్చిందని మానేసేవాళ్ళను నెలకు పదిమందినైనా చూస్తాను. తగ్గింది మందు వల్లే కదండీ. మానితే మళ్ళీ లేస్తుంది, ఈసారి ఆసుపత్రి మెట్లెక్కిస్తుంది.

మా ఊళ్ళో మేము 30 దాటినవాళ్ళందరికీ బీపీ, షుగరు ఉచితంగా చూస్తాం. పీహెచ్‌సీ డాక్టరు గారు గ్రామ క్లినిక్‌కు వచ్చి చూసే పద్ధతి 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ అనే పేరుతో మొదలైంది. ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లు మారతాయి, మీ ఊరి ఆరోగ్య కార్యకర్తను (ఏఎన్‌ఎం) అడగండి, డాక్టరు ఎప్పుడొస్తారో చెప్తుంది. ఆరోగ్యశ్రీ లాంటి పథకం ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక అయ్యే ఖర్చుకు. చేరకుండా చూసుకునే పని మనదే.

బీపీ చూపించుకోవడానికి మగవాళ్ళు రారు. ఆడవాళ్ళు దానికి వస్తారు, కానీ గర్భాశయ ముఖద్వారం పరీక్ష అనగానే కొంగు సర్దుకుని వెళ్ళిపోతారు. గోస్తనీ గారూ, చీటీలో అన్నిటికంటే ముందు మీరు చేయించుకోవాల్సింది అదే.

గోస్తనీ (తణుకు) | మంగళవారం, మధ్యాహ్నం 2:30

అక్కా, నిజం చెప్పాలంటే నేనూ అది వదిలేద్దామనే అనుకున్నాను. తెల్లబట్ట, నొప్పి ఏమీ లేవు కదా.

ఏఎన్‌ఎం అక్క (అమలాపురం దగ్గర) | మంగళవారం, మధ్యాహ్నం 2:58

ఏమీ లేనప్పుడే చేయించుకోవాలమ్మా. ఆ క్యాన్సరు రావడానికి ముందు చాలా ఏళ్ళు కణాలు మారుతూ ఉంటాయి. అప్పుడు దొరికితే చిన్న చికిత్సతో పోతుంది. మా దగ్గర చేసేది వీఐఏ, పలచటి ఎసిటిక్ ఆమ్లం దూదితో అద్ది నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. 30 నుంచి 65 ఏళ్ళ మధ్య ఐదేళ్ళకోసారి. పెద్దాసుపత్రిలో పాప్ స్మియర్ (అక్కడి కణాలు తీసి చూసేది), హెచ్‌పీవీ (ఆ క్యాన్సరుకు కారణమయ్యే వైరస్) పరీక్ష చేస్తారు, ఏదైనా ఒకటి. దాంతోపాటే రొమ్ము, నోరు కూడా చూస్తారు.

నోరు అన్నందుకు చెప్తున్నాను, నేను ముందు శ్రీకాకుళం వైపు పనిచేశాను. అక్కడ తీరం ఊళ్ళల్లో ముసలమ్మలు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు. అంగిలి అంతా తెల్లగా, గరుకుగా మారిపోయి ఉంటుంది, వాళ్ళకు నొప్పే ఉండదు. మా వైపు అది లేదు గానీ కిళ్ళీలో జర్దా, గుట్కా ఉన్నాయి. నోట్లో రెండు వారాలు దాటి మానని పుండు, తెల్లమచ్చ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, ఇవి కనిపిస్తే ఆగకండి.

డాలస్ బాబు | మంగళవారం, రాత్రి 7:15

నిన్నటి నుంచి మా నాన్న పాత రిపోర్టులన్నీ తీసి చూస్తున్నాను. నాలుగేళ్ళ ప్యాకేజీలు. పరగడుపు షుగరు 104, 109, 115, 121. ప్రతి ఏడాదీ కింద "బోర్డర్‌లైన్" అని ఒక ముక్క తప్ప ఎవరూ ఏమీ చెప్పలేదు, ఎందుకంటే రిపోర్టు ఏ డాక్టరుకూ చూపించలేదు. పీడీఎఫ్ నాకొచ్చింది, నేను ఎర్ర అక్షరాలు చూసి విటమిన్ డి మాత్రలు ఆర్డర్ పెట్టాను. మాస్టారూ, ఇది సంభావ్యత కాదు, సరళరేఖ.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. నాన్నకు 66. గుండెకు మంచిదని ఎవరో చెప్తే రోజూ ఆస్పిరిన్ 75 వేసుకుంటున్నారు, ఇంతవరకు గుండె జబ్బు లేదు. కొనసాగించాలా? రెండోది, ఇలా దూరం నుంచి చూసుకునేవాళ్ళు ఏం చేస్తున్నారు?

నిర్వాహకుడు | మంగళవారం, రాత్రి 7:40

మందు మొదలుపెట్టడం, ఆపడం గురించి ఇక్కడ సలహాలు వద్దని మన నియమం. తెలిసిన సంగతి పంచుకోండి, నిర్ణయం మాత్రం డాక్టరుతో.

మైక్రోస్కోపు వెనక (విజయవాడ) | మంగళవారం, రాత్రి 8:05

నిర్వాహకుడి గారి మాట మీద గౌరవంతోనే చెప్తున్నాను. గుండెపోటు, పక్షవాతం ఎప్పుడూ రానివాళ్ళు 60 దాటాక కొత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టవద్దని అమెరికాలో నివారణ వైద్య నిపుణుల బృందం 2022లోనే చెప్పింది. కడుపులో రక్తస్రావం భయం దానికి కారణం. కానీ స్టెంటు వేసినవాళ్ళు, ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్ళు ఇది చదివి ఆపేశారంటే ప్రాణం మీదకు వస్తుంది. మీ నాన్నగారిని వచ్చే అపాయింట్‌మెంట్‌లో ఈ ఒక్క ప్రశ్న అడగమనండి.

రెండోదానికి: ప్యాకేజీ డబ్బులు ఊళ్ళో డాక్టరు ఫీజుకు ఇవ్వండి. ఏడాదికి రెండుసార్లు, అదే డాక్టరు, ఒకే ఫైలు. వాడే మాత్రల పట్టీలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళాలి, ఆయుర్వేదం, పొడులు, షాపులో కొన్నవి కూడా. డాక్టరు చూసేటప్పుడు వీడియో కాల్‌లో ఉండండి, చాలామంది అభ్యంతరం చెప్పరు.

ఓరుగల్లు పోరడు (హన్మకొండ) | మంగళవారం, రాత్రి 8:50

డాలస్ అన్నా, సరళరేఖ మాట మస్తు నచ్చింది. ఒక్క 121 చూస్తే ఏమనిపియ్యదు, నాలుగు పక్కపక్కన పెడితే కథ తెలుస్తది. మా డాక్టర్ ఫైలు మొదటి పేజీల నా బరువు, నడుము, బీపీ, షుగరు ఏడాది ఏడాది రాస్తడు. కంప్యూటర్ లేదు, పెన్నే.

ఆడిటరు గుమస్తా (నెల్లూరు) | బుధవారం, ఉదయం 9:30

ఒక చిన్న విషయం, ఎవరికైనా పనికొస్తుందని. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఆదాయపు పన్నులో ముందస్తు ఆరోగ్య పరీక్షలకు ఏడాదికి 5,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది. ఆరోగ్య ఇన్సూరెన్స్ ప్రీమియం మినహాయింపు పరిమితిలోనే కలిసి వస్తుంది, అదనం కాదు. ఆ పరిమితిలోని మిగతా ఖర్చులకు నగదు చెల్లదు గానీ దీనికి నగదైనా ఫర్వాలేదు. రసీదు దాచుకోండి.

బడిగంట (కర్నూలు) | బుధవారం, ఉదయం 11:10

పెద్దవాళ్ళ సంగతే నడుస్తోంది కాబట్టి అడుగుతున్నా. మా పాపకు 12. హెచ్‌పీవీ టీకా వేయించమని మా డాక్టరమ్మ అంటున్నారు, అత్తగారేమో పెళ్ళి కాని పిల్లకు అదెందుకు అంటున్నారు.

ఏఎన్‌ఎం అక్క (అమలాపురం దగ్గర) | బుధవారం, మధ్యాహ్నం 1:20

పెళ్ళి కాకముందే వేయాలనే కదా అసలు ఉద్దేశం! వైరస్ ఒంట్లోకి రాకముందు వేస్తేనే ఫలం. 9 నుంచి 14 ఏళ్ళ మధ్య బాగా పనిచేస్తుంది. సీరం సంస్థ తయారుచేసిన మన దేశపు టీకా సెర్వావాక్ 2023లో వచ్చింది. అత్తగారికి "ఇది క్యాన్సర్ రాకుండా వేసే టీకా" అని ఒక్క ముక్క చెప్పండి చాలు. టీకా వేయించుకున్న పిల్లలకు కూడా పెద్దయ్యాక పరీక్ష అవసరమే, అన్ని రకాల వైరస్‌లనూ అది ఆపదు.

పెద్దవాళ్ళ టీకాల్లో గోస్తనీ గారి చీటీలో టీడీ ఉంది కాబట్టి ఒకటి. కుక్క కరిస్తే టీడీ వేయించుకుని ఊరుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. టీడీ ధనుర్వాతానికి, డిఫ్తీరియాకు, రేబిస్‌కు కాదు. గాయాన్ని సబ్బు పెట్టి పంపు కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు) కూడా. పసుపు, కారం, సున్నం పెట్టకండి.

గోస్తనీ (తణుకు) | శనివారం, ఉదయం 8:40

రిపోర్టులు వచ్చాయి. నాకు షుగరు బాగుంది, హిమోగ్లోబిన్ 9.8, ఐరన్ మాత్రలు రాశారు. టీ, కాఫీతో కలిపి వేసుకోవద్దు, నిమ్మరసంతో అయితే మంచిది అన్నారు. ఎందుకు తగ్గిందో చూడాలని నెలసరి గురించి కూడా చాలాసేపు అడిగారు. మా ఆయనకు ఇంటి బీపీ ఇప్పటిదాకా సరాసరి 137/86. ఇంకా రెండు రోజులు ఉంది. "మెషిన్ పాతది" అనే మాట మాత్రం మానేశారు, మజ్జిగలో ఉప్పు కూడా.

మరిది ఫోన్ చేశాడు, ప్యాకేజీ ఆఫర్ ఆదివారంతో అయిపోతోందట. నీ నడుము ఎంత అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

అక్కా, ఇక మిగిలింది మీరు చెప్పిన పరీక్షే. మా పక్కింటి ఆవిడ, నేను కలిసి వెళ్దామనుకుంటున్నాం. ఏ రోజుల్లో వెళ్ళాలి? నొప్పి ఉంటుందా?

ఏఎన్‌ఎం అక్క (అమలాపురం దగ్గర) | శనివారం, మధ్యాహ్నం 12:15

నెలసరి రోజుల్లో వద్దు, అది పూర్తయ్యాక వెళ్ళండి. ముందు రెండు రోజులు లోపల పెట్టే మందులు, కడుక్కునే ద్రావణాలు ఏవీ వాడకండి, భార్యాభర్తలు కలవకుండా ఉంటే మంచిది. కాస్త బిగుతుగా, ఇబ్బందిగా ఉంటుంది గానీ నొప్పి అంత ఉండదు, ఊపిరి వదిలి వదులుగా పడుకోండి. ఐదు నిమిషాల పని. ఆడ డాక్టరే కావాలని ముందే అడగొచ్చు, సిగ్గుపడకండి. చూసినప్పుడు తెల్లమచ్చ వచ్చిందన్నా వెంటనే క్యాన్సరని కాదు, ఇంకో పరీక్షకు పంపుతారు అంతే. పక్కింటి ఆవిడ వయసెంత? 65 దాటితే అవసరాన్ని బట్టి డాక్టరు చెప్తారు.

గోస్తనీ (తణుకు) | శనివారం, మధ్యాహ్నం 12:32

ఆవిడకు 51. బుధవారం వెళ్తున్నాం.